బొంతలు కుట్టే మిషన్ ఎక్కడ కొనాలి? అనంత మహిళలు డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి ఇవే..

‘గంతకు తగ్గ బొంత’ అన్నది పాత సామెత. ఇప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో మిషన్ కొనాలనుకునే మహిళలు అడగాల్సిన మాట ఇంకోటి ఉంది.. బొంతకు తగ్గ మిషన్ ఏది? దాన్ని ఎక్కడ కొనాలి? జాకెట్లు కుట్టే మిషన్‌తోనే బొంతలూ కుట్టేయొచ్చులే అనుకుని కొంటే, అది నెల తిరక్కుండానే మూలన పడే ప్రమాదం ఉంది.

ఇక్కడ కుట్టు మిషన్ అంటే సరదా వస్తువు కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే వాన, దాన్ని నమ్ముకుని వేసే వేరుశనగ. వాన మొహం చాటేస్తే పంట పోతుంది, బెంగళూరుకు వలస మొదలవుతుంది. అలాంటి ఏడాది ఇంట్లో ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకునే దారి కుట్టుపని. అయితే డ్వాక్రా అప్పుతో కొన్న మిషన్ నడవకపోయినా కంతు మాత్రం ఆగదు. అందుకే ఈ లెక్క ముందే చూసుకోవాలి.

బొంత దగ్గర మిషన్ ఎందుకు మొరాయిస్తుంది?

బొంత అంటే పాత నూలు చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, పైనా కిందా మంచి చీర వేసి వరుసగా కుట్టేది. చేత్తో అయితే పెద్ద సూదితో రోజుల తరబడి పని. అదే పని మిషన్ మీద పెడితే మూడు చిక్కులు వస్తాయి.

మొదటిది మందం. జాకెట్టు గుడ్డ రెండు పొరలే. బొంతలో ఐదారు పొరలు ఉంటాయి, అంచు మడత దగ్గర అవి రెట్టింపవుతాయి. చిన్న మిషన్ ఫుట్ కింద ఆ మందం పట్టదు. బలవంతంగా తోస్తే సూది విరుగుతుంది, లేదా కుట్టు తప్పుతుంది.

రెండోది పొరలు జరగడం. మిషన్‌లో గుడ్డను ముందుకు లాగేవి కింద ఉండే పళ్లు మాత్రమే. అవి కింది పొరను లాగుతాయి, పై పొరను ఫుట్ నొక్కి ఉంచుతుంది. దాంతో కింది చీర ముందుకు పోయి, పై చీర వెనకబడి ముడతలు పడుతుంది. పైనుంచి కూడా గుడ్డను నడిపించే ‘వాకింగ్ ఫుట్’ ఉంటే ఈ బాధ తగ్గుతుంది. అది లేకపోతే ముందే చేత్తో మధ్య నుంచి అంచుల దాకా పెద్ద టాకాలు వేసుకోవాలి.

మూడోది జాగా. సూదికీ, మిషన్ కుడిపక్క స్తంభానికీ మధ్య ఉండే ఖాళీలోనే చుట్టిన బొంత పట్టాలి. ఇంటి మిషన్లలో ఈ ఖాళీ తక్కువ. ఇద్దరు పడుకునే బొంత సగం చుట్టినా అందులో దూరదు. షాపులో చాలామంది అడగని ప్రశ్న ఇదే.

మూడు రకాలు.. ఏది దేనికి?

ఇళ్లలో కనిపించే నల్లటి సాదా మిషన్: కాలితో తొక్కొచ్చు, చిన్న మోటారు పెట్టుకోవచ్చు. కరెంటు లేకపోయినా పని ఆగదు. పిల్లల బొంతలు, పల్చని బొంతలు, దిండు గలీబులకు ఇది సరిపోతుంది. రోజూ మందపు బొంతలు కుట్టాలంటే మాత్రం కష్టమే.

అంబ్రెల్లా మిషన్: టైలర్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది. సాదా మిషన్ కంటే బరువు, బలం రెండూ ఎక్కువ. జాకెట్లతో పాటు నెలకు కొన్ని బొంతలు కుట్టాలనుకునేవారికి మధ్యస్తంగా ఉంటుంది.

పవర్ మిషన్: గార్మెంట్ యూనిట్లలో వాడేది. మోకాలితో ఫుట్ పైకెత్తే మీట ఉంటుంది కాబట్టి రెండు చేతులూ బొంత మీదే ఉంచొచ్చు. జాగా కూడా ఎక్కువ. అయితే ఇవి సాధారణంగా నిమిషానికి 4,000 నుంచి 5,000 కుట్ల వేగంతో నడిచేలా చేసినవి. కొత్తవారికి చెయ్యి జారే ప్రమాదం ఉంది. వేగం తగ్గించుకునే వీలున్న సర్వో మోటారు తీసుకోవడం మేలు. పైగా సర్వో మోటారు పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, ఆ మేరకు కరెంటు బిల్లూ పెరుగుతుంది.

పవర్ మిషన్లలోనూ పల్చని గుడ్డకు ఒకటి, మందపు గుడ్డకు ఒకటి ఉంటాయి. ‘హెవీ’ రకమే కావాలని గట్టిగా అడగాలి. ఓవర్‌లాక్ మిషన్ బొంతకు పనికిరాదు. అది అంచులు కత్తిరిస్తూ కుట్టేది మాత్రమే.

మరి ఎక్కడ కొనాలి?

ముందు సొంత ఊరికి దగ్గర్లోని టౌన్ షాపు. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరం, హిందూపురం, కదిరి.. ఎవరికి ఏది దగ్గరైతే అది. రేటు కాస్త ఎక్కువ చెప్పొచ్చు. కానీ బాబిన్ కేసు పాడైనా, కుట్టు తప్పుతున్నా ఒక బస్సు టికెట్‌తో పని అయిపోతుంది. షాపు వాళ్లే మెకానిక్‌ను పంపిస్తే ఇంకా నయం. కొనే ముందే ‘మీ మెకానిక్ మా ఊరికి వస్తాడా? వస్తే ఎంత తీసుకుంటాడు?’ అని అడగాలి.

రెండోది రాయదుర్గం. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లకు ఈ టౌన్‌కు పేరుంది. సరిహద్దు దాటితే బళ్లారి కూడా జీన్స్‌కు పేరున్న ఊరే. జీన్స్ గుడ్డ కుట్టే సింగిల్ నీడిల్ మిషన్‌కు బొంత మందం పెద్ద లెక్క కాదు. అలాంటి మిషన్లు బాగుచేసే మెకానిక్‌లు దొరికేదీ ఇలాంటి చోటే. అందుకే పవర్ మిషన్ సెకండ్ హ్యాండ్‌లో కావాలనుకునేవారు ఒకసారి ఇటువైపు విచారించడం మంచిది.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. యూనిట్లలోని పాత మోటార్లలో కొన్ని త్రీఫేజ్‌వి ఉంటాయి. ఇంటి కరెంటు సింగిల్ ఫేజ్. త్రీఫేజ్ మోటారు తెచ్చుకుంటే ఇంట్లో నడవదు, మళ్లీ కొత్త మోటారు ఖర్చు. మోటారు మీద ఉండే రేకు చదివించుకుని, సింగిల్ ఫేజేనని తేల్చుకున్నాకే బేరం ఆడాలి. ఇలాంటి మిషన్లలో అడుగున ఆయిల్ ట్రే ఉంటుంది. ఆటోలో ఎక్కించే ముందు ఆ ఆయిల్ తీయించకపోతే దారంతా ఒలికిపోతుంది.

మూడోది బెంగళూరు. అనంతపురం నుంచి దాదాపు 210 కిలోమీటర్లు. రకాలు ఎక్కువ, బేరానికీ వీలుంటుంది. అయితే రానుపోను ఖర్చు, రవాణా, ఒకరోజు కూలి పోవడం.. ఇవన్నీ కలిపితే రేటులో మిగిలింది ఎంతో తేలుతుంది. నలుగురైదుగురు కలిసి ఒకేసారి తెచ్చుకుంటేనే ఇది గిట్టుబాటు. రిపేరు వస్తే అంతదూరం మోసుకెళ్లలేరన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నాలుగోది ఆన్‌లైన్. ఫోన్‌లో బొమ్మ చూసి బుక్ చేస్తే ఇంటికే వస్తుంది. కానీ బొంత పెట్టి కుట్టి చూసే వీలు ఉండదు. స్టాండు బిగించేదెవరు, నేర్పేదెవరు, మీ పిన్‌కోడ్‌కు సర్వీస్ ఉందా.. ఈ మూడూ తెలియకుండా డబ్బు కట్టొద్దు. తక్కువ రేటుకు వచ్చే అరచేతి మిషన్లు, ప్లాస్టిక్ బుల్లి మిషన్లు చిరుగులు కుట్టుకోవడానికే. బొంత మాట దేవుడెరుగు, మందపు లంగా అంచు కూడా వాటితో కష్టమే.

షాపుకు వెళ్తూ బొంత ముక్క తీసుకెళ్లండి

ఇదే అసలు పరీక్ష. ఇంట్లో కుట్టే మందంతోనే పొరలు వేసి, మూరెడు ముక్క తయారుచేసి సంచిలో పెట్టుకోవాలి. షాపులో వాళ్లు చూపించే పల్చని గుడ్డ మీద ఏ మిషనైనా అందంగానే కుడుతుంది. మీ ముక్క పెట్టి కుట్టమనాలి. ఆ తర్వాత ఇవి చూడాలి:

- అంచు మడత మీదుగా ఆగకుండా దాటుతోందా? చక్రాన్ని చేత్తో తిప్పి సాయం చేయాల్సి వస్తోందా?
- వెనక్కి తిప్పి చూస్తే కింది దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోందా? దారం బిగువు సరిచేసినా అలాగే ఉంటే ఆ మిషన్ వద్దు.
- కుట్టు పొడవు పెద్దది చేసుకోవచ్చా? బొంతకు 3 నుంచి 4 మిల్లీమీటర్ల కుట్టు బాగుంటుంది.
- 16, 18 నంబర్ల సూదులు దీనికి పడతాయా? ఆ సూదులు, బాబిన్లు మీ టౌన్‌లో దొరుకుతాయా? ఇంటి మిషన్ సూది పవర్ మిషన్‌కు పట్టదు.
- పాత మిషన్ అయితే చక్రం తిప్పినప్పుడు ఎక్కడైనా పట్టేస్తోందా? సూది కడ్డీ అటూఇటూ ఊగుతోందా?

పథకం పేరుతో వచ్చే మెసేజ్‌లతో జాగ్రత్త

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. అర్హులకు 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, ఆ రోజులకు రూ.500 చొప్పున భృతి ఇస్తారు. పనిముట్ల కోసం రూ.15,000 వరకు ఈ-వోచర్ రూపంలో వస్తుంది. ఆపై 5 శాతం వడ్డీకి తొలి విడతలో రూ.లక్ష వరకు రుణం తీసుకోవచ్చు. ఇంటికి ఒక్కరికే అవకాశం. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో చేయించుకోవాలి, దానికి ఫీజు లేదు.

అదే సమయంలో ‘పీఎం ఉచిత కుట్టు మిషన్ యోజన’ అంటూ వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో తిరిగే ప్రచారం నిజం కాదని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఇప్పటికే తేల్చింది. లింకు నొక్కి ఆధార్, బ్యాంకు వివరాలు ఇవ్వడం, ‘రిజిస్ట్రేషన్’ అంటూ డబ్బు పంపడం చేయొద్దు. అనుమానం ఉంటే ముందు గ్రామ సచివాలయంలో అడగండి.

బిల్లు లేకుండా బయటికి రావొద్దు

2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టు మిషన్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా రూ.10,000 ఉన్న మిషన్‌కు అప్పట్లో రూ.1,200 పన్ను పడేది, ఇప్పుడు రూ.500. బిల్లులో ఏ శాతం వేశారో చూసుకోవాలి. ‘బిల్లు వద్దంటే తగ్గిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. గ్యారంటీ అడగాలన్నా, ఫిర్యాదు చేయాలన్నా ఆ కాగితమే ఆధారం. గ్యారంటీ దేనికి ఎన్నాళ్లో విడివిడిగా రాయించుకోవాలి. చాలాసార్లు మిషన్‌కు ఒక గడువు, మోటారుకు ఇంకో గడువు ఉంటుంది.

తేడా వస్తే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపు అయితే కేసుకు ఫీజు లేదు. బెంగళూరులో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా సొంత జిల్లాలోనే కేసు వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. ‘మీరు వ్యాపారానికి కొన్నారు కదా, మీకు వర్తించదు’ అని షాపు వాళ్లు అంటే కంగారు పడక్కర్లేదు. సొంతంగా పనిచేసుకుని బతకడానికే కొన్న మిషన్ అయితే ఆ చట్టం కింద వాళ్లూ వినియోగదారులే.

కొనే ముందు ఈ లెక్క వేసుకోండి

ఉదాహరణకు మిషన్ రూ.15,000 అనుకుందాం. ఒక బొంతకు కూలి రూ.300, దారం, సూదులు, కరెంటుకు రూ.50 పోతే మిగిలేది రూ.250. అంటే మిషన్ డబ్బు తిరిగి రావడానికి 60 బొంతలు కుట్టాలి. నెలకు 5 బొంతలు వస్తే ఏడాది పడుతుంది. 2 మాత్రమే వస్తే రెండున్నరేళ్లు! మీ ఊళ్లో ఉన్న రేట్లు పెట్టి ఇదే లెక్క వేసుకోండి. బొంతలకు గిరాకీ చలికాలంలోనే ఎక్కువ కాబట్టి, మిగతా నెలల్లో అదే మిషన్ మీద జాకెట్లు, లంగాలు, సంచులు కుట్టగలరో లేదో కూడా చూసుకోవాలి.

నెలకు ఒకటీ రెండూ అయితే సాదా మిషన్ లేదా అంబ్రెల్లా మిషన్ దగ్గర్లోని టౌన్‌లోనే తీసుకోవడం మంచిది. గ్రూపు మహిళలు కలిసి రోజూ కుట్టాలనుకుంటే సింగిల్ ఫేజ్ సర్వో మోటారుతో హెవీ పవర్ మిషన్ వైపు చూడొచ్చు. ఏది కొన్నా, చెడిపోయిన మర్నాడే చేతిలోకి తీసుకుని బాగుచేసే మనిషి ఎక్కడున్నాడో చూసి, ఆ దగ్గర్లోనే కొనడం ఉత్తమం.

ఇంటికి తెచ్చాక ఒక జాగ్రత్త. పాత చీరల నుంచి నూగు బాగా రాలుతుంది, దానికి ఇక్కడి ఎర్రదుమ్ము తోడవుతుంది. ప్రతి బొంత అయ్యాక పళ్ల కింద, బాబిన్ దగ్గర బ్రష్‌తో తుడిచి, మిషన్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పినచోట్ల ఆయిల్ వేయాలి. పని లేనప్పుడు గుడ్డ కప్పి ఉంచాలి. ఇంతమాత్రం చూసుకుంటే మెకానిక్‌ను పిలవాల్సిన అవసరం సగం తగ్గుతుంది.