క్లుప్తత

ఒక విషయాన్ని తక్కువ మాటలలో చెప్పడాన్ని ‘క్లుప్తంగా చెప్పడం’ అంటారు. ‘క్లుప్తం’ సంస్కృతం నుండి తెలుగులోకి వచ్చిన పదం. దీని మూలరూపం ‘కౢప్తం’. వర్ణమాలలో ‘ఋ’, ‘ౠ’ల తరువాత చదివే ‘ఌ’ అనే అచ్చు ఇందులో ఉంది. సంస్కృతంలో ఈ అచ్చు కనిపించే ధాతువు ఇదొక్కటే. తెలుగువారి ఉచ్చారణలో ఆ అచ్చు ‘లు’గా మారడంతో ‘క్లుప్తం’ అనే రూపం స్థిరపడింది.

ఈ ధాతువుకు సమర్థమగుట, తగినట్లు అమరుట అని అర్థాలు. కల్పన, సంకల్పం, వికల్పం అనే మాటలు కూడా దీని నుండి పుట్టినవే. సంస్కృతంలో ‘కౢప్తం’ అంటే చక్కగా అమర్చినది. జుట్టు, గోళ్ల విషయంలో ‘కత్తిరించి తీర్చినవి’ అనే అర్థంలో ఈ మాట మనుస్మృతిలో కనిపిస్తుంది. కత్తెరకు ‘కల్పని’ అనే పేరు కూడా ఉంది. తెలుగులో అమరిక అనే భావం మరుగునపడి, కుదింపు అనే అర్థమే నిలిచింది.

‘సంక్షిప్తం’ అంటే ఒకచోట కుప్పగా చేర్చినది. ‘సంగ్రహం’ అంటే కూడదీసి పట్టుకొన్నది. ఈ రెండు మాటలలోనూ పారవేయడం కంటే చేర్చుకోవడమే ప్రధానం.

రామాయణాన్ని ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అని మూడు మాటలలో చెప్పడం తెలుగువారికి అలవాటు. వారధి కట్టినది, రావణుని కొట్టినది, సీతను తెచ్చినది రాముడని తెలిసినవారికే ఆ మాటలు కథ అవుతాయి. తెలియనివారికి అవి మూడు క్రియలు మాత్రమే.

చిలకలూరిపేట వాసులు తమ పట్టణాన్ని ‘పేట’ అనుకుంటారు. ఊరిలో ఆ మాట చాలు. కాని 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే నరసరావుపేట కూడా ఉంది. “రక్తం అత్యవసరం, పేట ఆసుపత్రికి రండి” అనే సందేశం అందుకొన్న పొరుగూరివాడు ఏ పేటకు వెళ్లాలి? అక్కడ ఆదా అయినవి ఐదు అక్షరాలు. ప్రమాదంలో పడినది ఒక ప్రాణం.

కనుక సంక్షిప్తీకరణ చేసే విద్యార్థి ముందుగా ముఖ్యాంశాలను గుర్తించి, వరుసలో అమర్చుకోవాలి. తరువాతనే పునరుక్తులను, అదనపు ఉదాహరణలను తొలగించాలి. మూలం చదవనివారికి కూడా విషయం బోధపడితే, ఆ రచన నిజంగా క్లుప్తమైనది.