పేలుడు సెకన్లలో అయిపోతుంది, మరి టెలిస్కోప్ తిప్పేదెప్పుడు? గామా రే బర్స్ట్‌ల వేట

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది విశ్వంలో అతి ప్రకాశవంతమైన పేలుళ్ల గురించి. వీటి పేరు గామా రే బర్స్ట్. సైంటిస్టులు షార్ట్‌గా జీఆర్‌బీ అంటారు, మనమూ అలాగే అనుకుందాం.

వీటితో ఒక పెద్ద చిక్కుంది. సగటున రోజుకొకటి దాకా మన సాటిలైట్లకు కనిపిస్తాయి. కానీ ఎప్పుడొస్తుందో తెలీదు, ఆకాశంలో ఏ మూల నుంచి వస్తుందో తెలీదు. కొన్నైతే మీరు ఫోన్ లాక్ తీసేలోపే అయిపోతాయి. పేలిపోయిన నక్షత్రం మళ్లీ మన కోసం పేలదు కాబట్టి రెండో ఛాన్స్ అనేది ఉండదు. ఇంకోటి, గామా కిరణాల్ని మన వాతావరణం పైనే ఆపేస్తుంది. అది మన అదృష్టమే అనుకోండి. కానీ దానివల్ల నేల మీదున్న మామూలు టెలిస్కోప్‌కి ఆ మెరుపు నేరుగా అందదు.

మరి వీటి గురించి మనకు ఇంత ఎలా తెలిసింది? ఒక్క ముక్కలో చెప్పాలంటే రిలే పరుగు. ఒకరు చూసి అరుస్తారు, ఇంకొకరు పరిగెత్తుతారు, మూడోవాళ్లు అందుకుంటారు. అందులో ఒక్క చేయి ఆలస్యమైనా కథ అక్కడితో ఆగిపోతుంది. నిజంగానే దాదాపు ముప్పై ఏళ్లు ఆగిపోయింది కూడా. అదెలాగో చూద్దాం.

1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. వాతావరణంలో, అంతరిక్షంలో, నీటి అడుగున అణు పరీక్షలు చేయకూడదని. సంతకాలైతే పెట్టారు కానీ నమ్మకం ఎక్కడిది? ఎవరైనా దొంగచాటుగా బాంబు పేలిస్తే గామా కిరణాలు వస్తాయి కదా, వాటిని పట్టుకోడానికి అమెరికా వేలా అనే సాటిలైట్లు పంపింది. 1967 జులై 2న వాటికి ఒక మెరుపు దొరికింది. కానీ అది బాంబు మెరుపులా లేదు. తర్వాత ఇలాంటివి ఇంకా చాలా దొరికాయి. ఒకే మెరుపు వేర్వేరు సాటిలైట్లను ఏయే క్షణాల్లో తాకిందో లెక్కేస్తే, ఇవి భూమి నుంచీ రావట్లేదు, సూర్యుడి నుంచీ రావట్లేదని తేలింది. 1973లో లాస్ అలమోస్ సైంటిస్టులు ఈ విషయం ప్రచురించారు.

అక్కడి నుంచి మొదలైంది అసలు తలనొప్పి. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? మన గెలాక్సీలోంచా, లేక ఎక్కడో వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలి నుంచా? దగ్గర్నుంచైతే ఇది చిన్న పేలుడు. అంత దూరం నుంచైతే, మనం ఊహించలేనంత శక్తి. అంటే దూరం తెలియకపోతే ఏమీ తెలియనట్టే అన్నమాట. 1991లో వెళ్లిన కాంప్టన్ అబ్జర్వేటరీ తొమ్మిదేళ్లలో 2,700కు పైగా జీఆర్‌బీలు నమోదు చేసింది. అవి ఆకాశమంతా అన్ని వైపులా సమానంగా పరుచుకుని ఉన్నాయి. మన గెలాక్సీవే అయితే పాలపుంత పట్టీ వెంట గుంపుగా ఉండాలి కదా. అయినా వాదన తేలలేదు. 1995లో వాషింగ్టన్‌లో బోదాన్ పచిన్‌స్కీ దూరం అని, డొనాల్డ్ లాంబ్ దగ్గర అని బహిరంగంగా డిబేట్ కూడా పెట్టుకున్నారు.

2,700 పేలుళ్లు చూసి కూడా దూరం ఎందుకు చెప్పలేకపోయారు? ఎందుకంటే గామా కిరణాల్లో దూరం రాసి ఉండదు. దూరం తెలియాలంటే మామూలు వెలుగు కావాలి. ఆ వెలుగును రంగులుగా విడగొట్టి, గీతలు ఎంత ఎరుపు వైపు జరిగాయో చూడాలి. దానికి పెద్ద టెలిస్కోప్ కావాలి. పెద్ద టెలిస్కోప్ ఒకసారికి ఆకాశంలో చాలా చిన్న ముక్కే చూస్తుంది. గామా డిటెక్టర్ ఏమో "ఆ పక్కెక్కడో" అని మాత్రమే చెప్తుంది. అడ్రస్‌లో ఇంటి నంబర్ లేకుండా జిల్లా పేరొక్కటే ఇస్తే డెలివరీ బాయ్ ఏం చేస్తాడు? అదే పరిస్థితి.

1997 ఫిబ్రవరి 28న ఇది మారింది. ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి పంపిన బెప్పోశాక్స్ సాటిలైట్‌కి ఒక జీఆర్‌బీ దొరికింది. దాంట్లో ఎక్స్-రే కెమెరా కూడా ఉంది. సుమారు 8 గంటల తర్వాత ఆ కెమెరాను అటు తిప్పితే, పేలుడు అయిపోయిన చోట ఎక్స్-రేలు ఇంకా మెరుస్తున్నాయి! పొయ్యి ఆర్పేసినా పెనం వేడి వెంటనే పోదు చూడండి, అలా. దీన్ని ఆఫ్టర్‌గ్లో అంటారు, మనం తర్వాతి వెలుగు అందాం. దాని సాయంతో చోటు కచ్చితంగా తెలిసింది. పేలుడు జరిగిన రోజు లోపే కానరీ దీవుల్లోని విలియం హెర్షెల్ టెలిస్కోప్ ఒక ఫొటో తీసింది. మార్చి 8న మళ్లీ తీసింది. మొదటి ఫొటోలో ఉన్న చుక్క రెండోదాంట్లో లేదు. దొరికింది దొంగ!

అదే ఏడాది మే 8న ఇంకో జీఆర్‌బీ వచ్చింది. ఈసారి హవాయిలోని కెక్ టెలిస్కోప్ ఆ వెలుగును విడగొట్టి చూసింది. ఆ కాంతి దాదాపు 700 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిందని తేలింది. ముప్పై ఏళ్ల వాదన అంతటితో ముగిసింది. ఎన్ని పేలుళ్లు లెక్కపెట్టినా తేలనిది, ఒక్కదాన్ని టైమ్‌కి వెంటాడితే తేలిపోయింది.

టైమ్‌కి అని ఎందుకంటున్నానంటే, ఈ తర్వాతి వెలుగు చాలా త్వరగా తగ్గిపోతుంది. ఉజ్జాయింపుగా, గడిచిన సమయం ఎన్ని రెట్లయితే వెలుగు అన్నో వంతు అవుతుంది. మొదటి నిమిషంలో ఉన్న వెలుగు గంట తర్వాత 60వ వంతు. ఒక రోజు తర్వాత 1,440వ వంతు. అందుకే నిమిషంలో వెళ్తే చిన్న టెలిస్కోప్ చాలు. రేపు వెళ్తే ప్రపంచంలో పెద్ద టెలిస్కోపుల్లో ఒకటి కావాలి.

ఈ ఆలోచనతోనే 2004 నవంబర్‌లో నాసా స్విఫ్ట్ సాటిలైట్‌ని పంపింది. గామా కిరణాలు మామూలు అద్దాలకు, లెన్సులకు లొంగవు. మరి చోటెలా కనుక్కుంటుంది? పొద్దెక్కే కొద్దీ గది నేల మీద కిటికీ గ్రిల్ నీడ జరుగుతూ ఉంటుంది కదా. ఆ నీడను చూసి సూర్యుడు ఎటున్నాడో మీరు చెప్పగలరు. స్విఫ్ట్ చేసేదీ అదే. పైన సుమారు 52 వేల చిన్న సీసం పలకలను ఒక వరసంటూ లేకుండా అమర్చారు. కింద 32 వేలకు పైగా డిటెక్టర్లు. గామా కిరణాలు వచ్చినప్పుడు పలకల నీడ డిటెక్టర్ల మీద పడుతుంది. ఆ నీడ ఎటు జరిగిందో చూసి కంప్యూటర్ దిశ లెక్కేస్తుంది. పున్నమి చంద్రుడు ఆకాశంలో ఎంత ఉంటాడో దానికన్నా చిన్న ముక్కలోకి చోటు తేల్చేస్తుంది.

తర్వాత కింద ఎవరినీ పర్మిషన్ అడగదు. తనంతట తానే తిరిగి, ఒకటి రెండు నిమిషాల్లో తన ఎక్స్-రే టెలిస్కోప్‌ని, అతినీలలోహిత టెలిస్కోప్‌ని అటు పెడుతుంది. అదే టైమ్‌లో కిందికి అలర్ట్ వస్తుంది. జీసీఎన్ అనే నెట్‌వర్క్ ఆ అలర్ట్‌ని ప్రపంచమంతా పంచుతుంది. రోబో టెలిస్కోపులైతే మనిషి నిద్ర లేచేలోపే తిరిగిపోతాయి.

అయితే వేగం ఒక్కటే చాలదు. 2008 మార్చి 19న జరిగింది వినండి. స్వాతి నక్షత్రం ఉండే బూటీస్ మండలంలో ఒక జీఆర్‌బీ వచ్చింది. అది 750 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలింది. అంటే ఆ కాంతి బయల్దేరినప్పుడు మన భూమే లేదు. అయినా ఒక అర నిమిషం పాటు మామూలు కంటికి కనిపించేంత వెలుగొచ్చింది! దీనికి అరగంట ముందే ఆకాశంలో ఆ దగ్గర్లోనే ఇంకో జీఆర్‌బీ రావడంతో, చిలీలోని కొన్ని వైడ్ కెమెరాలు అప్పటికే అటు చూస్తున్నాయి. అందుకే మొదటి క్షణాలు కూడా రికార్డయ్యాయి. మరి మన దగ్గర? అప్పుడు మనకు టైమ్ పొద్దున 11 గంటల 42 నిమిషాలు. ఎండలో ఏం కనిపిస్తుంది చెప్పండి.

ఇక్కడే మన దేశం ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. పేలుడు ఎవరి పగలూ రాత్రీ చూసుకుని రాదు. ఎప్పుడొచ్చినా భూమ్మీద ఎక్కడో ఒకచోట చీకట్లో ఒక టెలిస్కోప్ రెడీగా ఉండాలి. కానరీ దీవులకు, ఆస్ట్రేలియాకు మధ్య పెద్ద ఖాళీ ఉంది. ఆ ఖాళీలో లదాఖ్‌లోని హన్లే ఉంది, సుమారు 4,500 మీటర్ల ఎత్తులో. అక్కడి 2 మీటర్ల చంద్ర టెలిస్కోప్‌ని బెంగళూరు దగ్గర హోస్కోటె నుంచి సాటిలైట్ లింక్‌తో నడుపుతారు. పక్కనే ఐఐటీ బాంబే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ కలిసి పెట్టిన గ్రోత్-ఇండియా టెలిస్కోప్ ఉంది. అద్దం 70 సెంటీమీటర్లే. కానీ పూర్తిగా రోబో. ఇందాక చెప్పిన లెక్క గుర్తుందా? త్వరగా వెళ్తే చిన్నదైనా చాలు.

పైన మన ఆస్ట్రోశాట్ ఉంది. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. దాంట్లో సీజెడ్‌టీఐ అనే పరికరం ఆన్ చేసిన మొదటి రోజే, అక్టోబర్ 6న, ఒక జీఆర్‌బీని పట్టుకుంది. ఇప్పటికి ఐదు వందలు దాటేశాయి. తమాషా ఏంటంటే, బాగా శక్తి ఉన్న గామా కిరణాలు దాని డబ్బా గోడల్ని కూడా దాటుకుని లోపలికి వచ్చేస్తాయి. దాంతో అది అటు తిరిగి లేకపోయినా పక్కల నుంచి వచ్చే పేలుళ్లు కూడా దానికి తెలుస్తాయి.

దీని వల్ల ఒక కేసు కూడా తేలింది. 2017 జనవరి 4న రెండు బ్లాక్ హోల్స్ కలిసిపోయి వచ్చిన గురుత్వ తరంగాలను లైగో పట్టుకుంది. అవి వచ్చి ఉండొచ్చనుకున్న ఆకాశ భాగంలోనే, హవాయిలోని అట్లాస్ టెలిస్కోప్‌కి వేగంగా ఆరిపోతున్న ఒక చుక్క కనిపించింది. బ్లాక్ హోల్స్ కలిస్తే వెలుగు వచ్చిందా? నిజమైతే సంచలనమే. కానీ ఆస్ట్రోశాట్ డేటా తీసి చూస్తే, తరంగాలు వచ్చిన క్షణంలో ఏమీ లేదు. దాదాపు 20 గంటల తర్వాత మాత్రం ఒక జీఆర్‌బీ ఉంది. మిగతా టెలిస్కోపుల కొలతలు కూడా కలిపి చూస్తే, ఆ చుక్క ఈ రెండోదాని తర్వాతి వెలుగని తేలింది. ఒకే వైపు కనిపించడం కాకతాళీయం, అంతే. కొత్తది కనిపెట్టడమే కాదు, తప్పుడు జోడీని విడగొట్టడం కూడా సైన్సే.

అదే ఏడాది ఆగస్టు 17న అసలైన జోడీ దొరికింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న తరంగాలు వచ్చాయి. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మి సాటిలైట్‌కి చిన్న జీఆర్‌బీ తగిలింది. చిలీలో చీకటి పడ్డాక, సుమారు 11 గంటలకు, అక్కడి 1 మీటర్ స్వోప్ టెలిస్కోప్ 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో కొత్త చుక్కను పట్టుకుంది. ఆ వెలుగు రంగు మారుతున్న తీరు చూసి, అక్కడ బరువైన మూలకాలు పెద్ద మొత్తంలో తయారవుతున్నాయని చెప్పగలిగారు. బంగారం, ప్లాటినం పుట్టే చోట్లలో ఇదొకటన్నమాట. మన ఇళ్లల్లో బీరువాలో దాచుకునే బంగారంలో కొంతైనా ఇలాంటి గొడవలోంచే వచ్చి ఉండొచ్చు. కానీ ఒక లోటు మిగిలింది. మొదటి 11 గంటల వెలుగు ఎవరి దగ్గరా లేదు. ఆ క్షణాలు ఇక ఎప్పటికీ దొరకవు. ఈసారి ఇలా కాకూడదంటే చోటు ఇంకా త్వరగా, ఇంకా కచ్చితంగా తెలియాలి. మహారాష్ట్రలో నాందేడ్‌కి పక్క జిల్లా హింగోలిలో లైగో-ఇండియా కట్టాలనుకోవడానికి ఒక పెద్ద కారణం ఇదే.

చివరిగా మీకో పని. జీసీఎన్‌లో సైంటిస్టులు రాసుకునే సర్క్యులర్లు అందరికీ ఓపెన్. ఫోన్లోనే చదవొచ్చు, ఫ్రీ. పేర్లు అర్థం చేసుకోవడం కూడా ఈజీ. జీఆర్‌బీ 221009ఏ అంటే 2022 అక్టోబర్ 9న వచ్చిన మొదటిది. ఇప్పటిదాకా నమోదైనవాటిలో అత్యంత ప్రకాశవంతమైనది అదే. ఏదో ఒక తేదీ తీసుకుని చూడండి. ఒక సాటిలైట్ "ఇక్కడ చూశా" అంటుంది. కాసేపటికి ఒక దేశం "మాకు మబ్బుగా ఉంది" అంటుంది, ఇంకో దేశం "మాకు దొరికింది, వెలుగు ఇంత" అంటుంది. ఆ వరసలో హన్లే పేరు కనిపిస్తే ఇక్కడ కామెంట్లో రాయండి, దాని గురించి మాట్లాడుకుందాం.