రెండు ప్రభుత్వముల పన్ను



అమెరికాలో కొడుకునో, కూతునో, మనుమనినో ఉంచుకొన్నవారు మీలో పలువురుందురు. అట్టి బిడ్డల పేర నిచ్చటి బ్యాంకులో నొక డిపాజిటో, పట్టణమున నొక యద్దెయిల్లో, ఊరిలో నాలుగెకరముల మాగాణియో యుండుట కలదు. వానిని కనిపెట్టి చూచువారు మీరే. సంస్కృతమున కరమనగా చేయియు నగును, పన్నును నగును. ఒక్క సంచిలో రెండు ప్రభుత్వముల కరములు చొచ్చినప్పుడు మిగులునదెంత, దానిని కాపాడుకొను విధమేమి యనునది నేటి ప్రసంగవిషయము.

అమెరికా పౌరులును, స్థిరనివాసపు అనుమతి గలవారును, ఉద్యోగార్థము చిరకాల మచ్చట నుండువారును సాధారణముగా లోకమున నెచ్చట నార్జించినను ఆ యాదాయమును అమెరికా లెక్కలో చూపవలెను. మన దేశములోని వడ్డీ, అద్దె ఇందులోనివే. ఇచ్చట పుట్టిన యాదాయముపై మన ప్రభుత్వమునకును హక్కు కలదు. ఒక్క రూపాయి రెండు మారులు పన్ను చెల్లింపకుండుటకై 1918వ సంవత్సరమున అమెరికా శాసనసభ యొక యేర్పాటు చేసినది. అందులకు ముఖ్యముగా పాటుపడినవాడు యేల్ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడైన థామస్ ఆడమ్సు. విదేశమున చెల్లించిన ఆదాయపు పన్నును అమెరికా పన్నులో జమకట్టుకొనవచ్చుననుటయే ఆ యేర్పాటు.

జమ వేఱు, మినహాయింపు వేఱు. నూరు డాలర్లను ఆదాయమునుండి మినహాయించినచో, నూటికి 22 వంతున పన్ను కట్టువానికి 22 డాలర్లే కలిసివచ్చును. జమకట్టినచో నూరును కలిసివచ్చును. కావున కొన్ని అరుదైన సందర్భములలో దక్క జమయే మేలు.

అయితే జమకు హద్దు కలదు. ఇది 1921లో పెట్టబడినది. విదేశాదాయము మొత్తపు ఆదాయములో నెన్నవ వంతో, అమెరికా పన్నులో అన్నవ వంతు వఱకే జమ సాగును. వడ్డీల వంటివానికొక లెక్క, జీతము వంటివానికొక లెక్క వేఱువేఱుగా వేయుదురు. హద్దు మించిన పన్నును వెనుకటి యొక యేటికిని, మిగిలినచో రాబోవు పదియేండ్లకును త్రిప్పుకొనవచ్చును. దీనికై నింపవలసిన పత్రము 1116 సంఖ్య గలది. ఆ పత్రపు చిక్కులు లెక్కలు వ్రాయువారికి విడిచెదను.

ఇక మీరు ముఖ్యముగా గ్రహింపవలసినది వేఱొకటి కలదు. బ్యాంకువారు పట్టుకొన్న సొమ్మెల్ల పన్ను కాదు. విదేశవాసి యిచ్చటి ఆర్జన దాచుకొను సాధారణ ఖాతాపై వచ్చు వడ్డీలో బ్యాంకువారు నూటికి 30 వంతున పన్నును, దానిపై 4 వంతుల సుంకమును, వెరసి నూటికి 31 రూపాయల 20 పైసలు ముందుగనే కోయుదురు. కాని భారత, అమెరికా ప్రభుత్వముల నడుమ 1989 సెప్టెంబరు 12న కొత్తఢిల్లీలో చేవ్రాళ్లు పడి, 1990 డిసెంబరు 18న అమలునకు వచ్చిన యొడంబడిక ప్రకారము ఇట్టి వడ్డీపై మన ప్రభుత్వము 15 వంతులకు మించి తీసికొనరాదు. అధికముగా కోసినది అడిగి తిరిగి పుచ్చుకొనవలసిన సొమ్ము. అడుగకున్న నది దానమువంటిదని అమెరికావారి మతము, దానమును జమకట్టుకొనరు.

ఒక లెక్క చూతము. హైదరాబాదులో పెద్ద యద్దెలుండి మన దేశమున పైతరగతి పన్నునకు లోబడిన యొక యువకునికి లక్ష రూపాయల వడ్డీ వచ్చినదనుకొందము. బ్యాంకు కోసినది 31,200. ఒడంబడిక ప్రకారము ఈయవలసినది 15,000. ఆ వడ్డీ పాలికి అమెరికా పన్ను 18,000 పడినదనుడు. జమ సాగునది 15,000 మాత్రమే. అచ్చట మరి 3,000 కట్టవలెను. ఇచ్చట రిటర్ను దాఖలుచేసి 16,200 వెనుకకు తెచ్చుకొన్నచో ఇరుప్రక్కల మొత్తము 18,000 తో పోవును. ఊరకున్నచో 34,200 అగును. అట్లుగాక ఆ యువకునికి మన దేశమున ఆ లక్ష తప్ప వేఱాదాయమే లేదనుడు. అప్పుడది పన్ను మొదలగు పరిమితికి లోపలిదే. కోసిన 31,200 లును తిరిగి రావలసినదే. అందులో నొక్క రూపాయియు అమెరికాలో జమకు రాదు. "బ్యాంకువా రెట్లును పట్టినారు గదా, అమెరికాలో చూచుకొందురు" అని ఊరకుండుటవలన నష్టపోయిన కుటుంబములను నేనెఱుగుదును.

మాగాణి సంగతి మరియొక తీరు. సేద్యపు రాబడిపై మన కేంద్ర ఆదాయపు పన్ను లేదు. పల్లెసీమలోని వ్యవసాయభూమి నమ్మిన లాభముపైనను లేదు. మనకిది సంతోషమే కాని, అమెరికాలోని బిడ్డకు ఆ రాబడియు, ఆ లాభమును అచ్చట లెక్కకు వచ్చును. ఇచ్చట పన్ను లేదు గనుక జమకట్టుటకేమియు లేదు. విదేశపు సొమ్ము తెచ్చి వేసి, ఇచ్చట పన్ను లేని ఖాతాలో నుంచిన డిపాజిటు వడ్డీయు నిట్టిదే. నీటి తీరువా, ఇంటిపన్ను ఆదాయపు పన్నులు కావు గనుక అవియు జమకు రావు. అద్దెయింటిపై కట్టిన ఇంటిపన్నును మాత్రము ఖర్చుక్రింద వ్రాసికొనవచ్చును. భూమి యమ్ముటకు ముందే ఈ మాట బిడ్డతో చెప్పుడు. బేరమైన పిదప చెప్పిన నాతడు వగచుటయే కాని చేయగలది స్వల్పము.

మీ చేతిలోని పని కొంత కలదు. అమెరికా పన్నుల శాఖవా రిచ్చు 6166 సంఖ్యగల నివాస ధ్రువపత్రమును బిడ్డచేత తెప్పించి, మన శాఖవారు కోరు ప్రకటనతోకూడ ఏటి మొదటనే బ్యాంకునకు దాఖలుచేసినచో మొదటనే తక్కువ కోయించుకొన వీలుండును. కోత ధ్రువపత్రములు, అద్దె రశీదులు, రిటర్ను నకళ్లు ఏటేటివి వేఱువేఱు కట్టలుగా నుంచుడు. మన యేడు ఏప్రిలున మొదలగును, వారిది జనవరిలో. కావున వడ్డీ యే నెలలో వచ్చినదో, పన్ను ఏ తేదీన పట్టిరో కనబడవలెను. జమకట్టిన పన్నులో కొంత తరువాత మన ప్రభుత్వము తిరిగి యిచ్చినచో, ఆ సంగతియు వెంటనే బిడ్డకు వ్రాయుడు. ఆతడు వెనుకటి అమెరికా లెక్కను సవరింపవలసి యుండును.