పాత కంప్యూటర్‌లో లినక్స్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ తరంది కావాలి. 2015లో కొన్న ల్యాప్‌టాప్ ఈ లెక్కలో నెగ్గదు. తెర, కీబోర్డు, ప్రాసెసర్ అన్నీ బాగున్న యంత్రాన్ని దీనికోసం మూలన పడేయడం అన్యాయం.

అలాంటి వాటికి లినక్స్ బాగా పనికొస్తుంది. దీని కెర్నెల్‌ను 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. ప్రాసెసర్, మెమరీ, డిస్కులను ప్రోగ్రాములకు పంచిపెట్టేది కెర్నెలే. పరికరాలను నడిపే డ్రైవర్లు చాలావరకు ఇందులోనే ఉంటాయి. సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి, తయారీదారు పట్టించుకోవడం మానేసిన వైఫై కార్డుకు కూడా డ్రైవర్‌ను వేరేవాళ్లు సరిచేస్తూ పోవచ్చు.

నచ్చుతుందో లేదో ముందే చూసుకోవచ్చు. లినక్స్ రకాల్లో ఒకటైన మింట్ ఐఎస్‌ఓ ఫైలును పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నుంచే కంప్యూటర్‌ను బూట్ చేయాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కితే దేన్నుంచి బూట్ చేయాలో ఎంచుకునే మెనూ వస్తుంది. సిస్టమ్ ర్యామ్‌లో నడుస్తుంది, ఇన్‌స్టాల్ నొక్కేదాకా హార్డ్ డిస్క్ జోలికి పోదు. వైఫై, సౌండు, ప్రింటరు అప్పుడే పరీక్షించుకోండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఎంచుకోవడం మేలు.

తెలుగులో డీటీపీ చేసేవాళ్లు మాత్రం ఇక్కడ కాస్త ఆగాలి. పేజ్‌మేకర్ లినక్స్‌లో నేరుగా నడవదు. అంతకన్నా పెద్ద చిక్కు అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లది. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలను రోమన్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల మీద కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని చోట మీ పుస్తకం మొత్తం అర్థంలేని రోమన్ గుర్తులుగా తెరుచుకుంటుంది. యూనికోడ్‌లో ‘క’ సంఖ్య ఎక్కడైనా ఒక్కటే, 0సీ15. అందుకే విండోస్ ఉండగానే ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి. ఏ సిస్టమ్ వాడినా ఈ పని చేసి తీరాల్సిందేనని నా అభిప్రాయం. విండోస్‌లో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ మీద ఆధారపడినవాళ్లు విండోస్‌ను తీసేయకుండా పక్కనే లినక్స్ పెట్టుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేసే ముందు ఫైళ్లన్నీ మరో డిస్కులోకి కాపీ చేయండి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ‘డిస్కు చెరిపేయి’ అన్నదాన్ని ఎంచుకుంటే విండోస్‌తో పాటు ఫొటోలూ పోతాయి. తర్వాత కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ చేర్చుకుంటే వెంటనే తెలుగులో టైపు చేసుకోవచ్చు.