పస్తులతో ఇంటర్వ్యూకి వెళ్లొద్దు

కోచింగ్ కోసం అమీర్‌పేటలో దిగారా? మైత్రీవనం చుట్టుపక్కల టిఫిన్ సెంటర్లకు కొదవలేదు. బోర్డు చూసి కాదు, రద్దీ చూసి వెళ్లండి. జనం ఎక్కువుంటే ఇడ్లీలు వాయి మీద వాయి దిగుతాయి, వేడిగా దొరుకుతాయి. ఇంటర్వ్యూ రోజు మాత్రం ప్రయోగాలొద్దు. ఓసారి బిర్యానీ లాగించి వెళ్లి, ప్రశ్నలతో కంటే కడుపుతోనే ఎక్కువ కుస్తీ పట్టా!

నెలాఖర్లో జేబు ఖాళీ అయితే? జీహెచ్‌ఎంసీ 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం ఉంది. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. ఆ క్యూలో నిలబడాలంటే మొదట్లో నాకూ మొహమాటమే. తీరా చూస్తే నా ముందున్నవాడి చేతిలోనూ సర్టిఫికెట్ల ఫైలే! ఇద్దరం నవ్వుకున్నాం. ఆకలి దగ్గర సిగ్గుపడకండి. కడుపు నిండితేనే జవాబు గట్టిగా వస్తుంది.