ఇంటి స్థలదానము : పంచాయతీ సభ్యులు అడుగవలసిన మూడు ప్రశ్నలు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. సామాన్య కుటుంబము జీవితములో ఒక్కమారే ఇల్లు కట్టుకొనును. అందులో పొరపాటు జరిగినచో దిద్దుకొనుట దుర్లభము. నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఇంటి స్థలముల క్రయవిక్రయములకు మధ్యవర్తులుగా నుండు మేము ఈ సంగతి నిత్యము చూచుచున్నాము.

వెల ఇచ్చి కొనువాడు మమ్ము మూడు ప్రశ్నలు అడుగును. ఇచ్చట నీరు నిలుచునా? హక్కు ఎవరిది? కాగితము సరిగా నున్నదా? కాని దాత ఇచ్చిన స్థలమును పుచ్చుకొను పేదవాడు ఈ మూటిలో ఒక్కటియు అడుగడు. ఊరక వచ్చినదానిని పరీక్షించుట మర్యాద కాదని మౌనము వహించును. అతని పక్షమున ఆ ప్రశ్నలు అడుగవలసినవారు పంచాయతీ సభ్యులు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో గ్రామీణ గృహవసతిని కూడ చేర్చినది. కావున ఇది దయాధర్మముల విషయము మాత్రమే కాదు, పంచాయతీ బాధ్యత కూడ.

మొదటి ప్రశ్న: నీరు నిలుచునా?

మన ప్రాంతమునకు పడమట వెలిగొండలు గోడవలె నిలిచి యున్నవి. ఆ కొండలలో పుట్టిన వాగులు తూర్పుగా పారి పెన్నను చేరుచున్నవి. బొగ్గేరు, బీరాపేరు వంటి వాగులు సంవత్సరములో అధికభాగము ఇసుకపర్రలుగానే యుండును. నెల్లూరు జిల్లాలో వర్షము ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముల వలన, అనగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. స్థలముల బేరములు, దానములు మాత్రము ఎక్కువగా వేసవిలో జరుగును. పంట ఇంటికి చేరి చేతిలో డబ్బు ఆడు కాలమది, తీరిక దొరకు కాలమది. చైత్రమున గట్టినేలగా కనిపించిన చోటు కార్తీకమున మడుగు కావచ్చును. వేసవిలో చూచిన స్థలమును వానకాలమున మరల చూడనిదే పేదవానికి ఇప్పింపరాదు.

ఇది వట్టి భయము కాదు. 2021 నవంబరులో పై జిల్లాలలో కురిసిన భారీ వర్షములకు సోమశిల జలాశయము నుండి పెన్నకు విశేషముగా నీరు విడువవలసి వచ్చినది. దిగువన కోవూరు చెంత పడుగుపాడు వద్ద జాతీయ రహదారియు, రైలు మార్గమును తెగిపోయినవి. ఇంజనీర్లు కట్టిన కట్టలే నిలువనప్పుడు మట్టిగోడల యిండ్ల మాట చెప్పనేల? పెద్ద నది పొంగినప్పుడు ప్రభుత్వము ముందుగా హెచ్చరించును. చిన్న వాగు అర్ధరాత్రి పొంగినప్పుడు హెచ్చరించుటకు ఎవరు నుండరు.

పరీక్షించు విధము కష్టమైనది కాదు. గ్రామములోని వృద్ధులను, పశువులను కాయువారిని పిలిచి, ఎక్కువ వాన కురిసిన సంవత్సరమున నీరు ఎంతవరకు వచ్చినదో చూపుమని అడుగవలెను. గ్రామపటమును తెప్పించి అందు వాగు, కాలువ, చెరువు గుర్తించిన చోట్లను స్థలముతో సరిపోల్చవలెను. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరు మట్టము కంటె స్థలము ఎత్తుగా నున్నదో లేదో కొలిపింపవలెను. ఏండ్ల తరబడి వానలు తప్పినచో చెరువు లోపలి నేల బీడువలె కనిపించును. అచ్చట ఇండ్లు వేయించవలెనని ఆశ పుట్టును. ఆ ఆశను అణచుకొనుట మేలు. గ్రామపు చెరువులను, ఉమ్మడి భూములను ఆక్రమణల నుండి విడిపింపవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో రాష్ట్రములను ఆదేశించినది. చెరువులో ఇల్లు కట్టుకొన్న పేదవానికి ఒకవైపు నీటి భయము, మరియొకవైపు తొలగింపు భయము.

రెండవ ప్రశ్న: హక్కు ఎవరిది?

తనది కానిదానిని దానము చేయుటకు ఎవరికిని అధికారము లేదు. ఇది అందరెరిగిన ధర్మమే. అయినను వాడుకలో మరచుచున్నాము. దాత మంచివాడైనంత మాత్రమున అతని పట్టా మచ్చలేనిది కాదు. తండ్రి పేరనున్న భూమిని అన్నదమ్ములలో ఒకడు దానము చేసినచో తక్కినవారి భాగము సంగతి యేమి? 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కూడ కుమారులతో సమానమైన హక్కు నిచ్చినది. కావున అత్తవారింట నున్న ఆడబిడ్డల సమ్మతి కూడ తెలిసికొనవలెను.

దాత భూమికి సంబంధించిన అడంగలు, 1-బి నకలు చూడవలెను. సబ్ రిజిస్ట్రారు కార్యాలయము నుండి ఈ.సీ. తీయించి, ఆ భూమిపై తాకట్టు గాని వేరు లావాదేవీ గాని కలదేమో పరిశీలింపవలెను. రిజిస్ట్రేషను నిషేధించిన భూముల పట్టికలో, అనగా 22-ఎ జాబితాలో, ఆ సర్వే నంబరు ఉన్నదేమో అడుగవలెను. మన పడమటి మండలములలో ప్రభుత్వము పేదలకిచ్చిన డి.కె.టి. పట్టాలు విస్తారముగా కలవు. ఇట్టి భూముల బదిలీపై 1977 నాటి అసైన్డు భూముల చట్టము ఆంక్షలు విధించినది. తరువాత దానికి సవరణలు కూడ జరిగినవి. కావున తహశీల్దారు నుండి వ్రాతమూలకముగా తెలిసికొననిదే డి.కె.టి. భూమిని దానముగా స్వీకరింపరాదు. సర్వేయరుచే కొలిపించి హద్దురాళ్లు నాటించుట అన్నిటికంటె ముఖ్యము. హద్దు లేని దానము తగవునకు విత్తనము.

మూడవ ప్రశ్న: కాగితము పూర్తియైనదా?

ఒక ఉదాహరణ చూతము. ఒక రైతు దేవాలయము ముందర పదిమంది సమక్షమున, ఇల్లు లేని పది కుటుంబములకు అర యెకరము ఇచ్చితినని ప్రకటించెననుకొందము. ఊరందరు హర్షించిరి. కుటుంబములు పాకలు వేసికొనినవి. కొన్ని యేండ్లకు దాత కాలము చేసెను. ఆత్మకూరు రహదారి వెడల్పు కాగా స్థలమునకు వెల పెరిగినది. కుమారులు ఆ భూమిని అమ్మజూపిరి. అప్పుడు ఆ పది కుటుంబముల చేతిలో దాత మాట తప్ప మరేమియు లేదు. దాత మనస్సు మంచిదే, మాట నిజమే. కాని చట్టము దృష్టిలో ఆ దానము జరుగనే లేదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 123వ సెక్షను ప్రకారము స్థిరాస్తి దానము రిజిస్టరు కావలెను. దానపత్రముపై దాత సంతకము, కనీసము ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. 122వ సెక్షను ప్రకారము, దాత జీవించి యుండగనే గ్రహీత దానిని అంగీకరింపవలెను. నోటిమాట గాని, తెల్లకాగితముపై వ్రాత గాని దీనికి సాటి రావు.

ఈ పాఠమును మనకు భూదానోద్యమము ఏనాడో నేర్పినది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఆచార్య వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరు ఎకరములు దానము చేసిరి. ఆ త్యాగము దేశమంతట వ్యాపించినది. కాని చేసిన దానమును గుర్తించి, కొలిచి, పంచి, గ్రహీత పేర వ్రాయించుట దానము చేయుట యంత వేగముగా సాగలేదు. ఆంధ్రప్రదేశ్ లో భూదాన, గ్రామదాన చట్టము 1965లో వచ్చినది. అయినను భూదాన భూములు పెక్కుచోట్ల వివాదములలో చిక్కుకొన్నవి. దాతృత్వమునకు కొరత లేదు, కాగితమునకే కొరత ఏర్పడినది.

స్టాంపు ఖర్చులు భారమని దాతలు రిజిస్ట్రేషనును వాయిదా వేయుట కద్దు. ఆ ఖర్చును కూడ దానములో భాగముగా నెంచుమని సభ్యులు దాతను కోరవచ్చును. పత్రమును ఇంటి యిల్లాలి పేర గాని, దంపతులిద్దరి పేర గాని వ్రాయించుట క్షేమము. లేఅవుటు వేసి స్థలములు అమ్మువారు దారులను, ఖాళీ జాగాను పంచాయతీకి అప్పగింతుమని చెప్పినప్పుడును ఇదే నియమము. దానపత్రము రిజిస్టరు కానంతవరకు అది పంచాయతీది కాదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లు మించిన లేఅవుట్లు రెరాలో నమోదు కావలెను. వాటిలో స్థలములు అమ్మించు మావంటి మధ్యవర్తులు కూడ నమోదు కావలెను. ఆ నమోదు సంఖ్యను అడుగుటకు సభ్యులు సంకోచింపవలదు.

స్థలము దొరికిన తరువాత

గృహము నిలిచినంత మాత్రమున భద్రత చేకూరదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకము వంటగదికి తావుతో కలిపి కనీసము 25 చదరపు మీటర్ల యింటిని నిర్దేశించినది. ఆ కొద్దిచోటనే జాగ్రత్తలు పాటింపవలెను. పునాది అరుగు వాన నీటి మట్టము కంటె ఎత్తుగా నుండవలెను. మట్టితో పేర్చిన రాతిగోడ ఉబ్బినను, దూలమునకు చెదలు పట్టినను వర్షములకు ముందే బాగు చేయింపవలెను. గడ్డివామిని ఇంటికి, పొయ్యికి దూరముగా వేయవలెను. గ్యాసు సిలిండరును నిలువుగా, పొయ్యి కంటె దిగువన నుంచవలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది, కారినచో నేలపై పరచుకొనును. వాసన వచ్చినంతనే తలుపులు తెరచి, స్విచ్చులు ముట్టక వెలుపలికి పోవలెను. విద్యుత్తునకు ఎర్తు తీగ తప్పక వేయింపవలెను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను పరికరమును అమర్చినచో, తడిగోడ తాకిన మనిషి గుండా విద్యుత్తు ప్రవహింపబోయినప్పుడు అది క్షణములో సరఫరాను ఆపును. ఇండ్లు కట్టించు దాతలు రంగులకు, పేరు చెక్కిన రాతికి వెచ్చించు ధనములో కొంత వీటికి మిగిల్చినచో ప్రాణదానము చేసినవారగుదురు.

సమష్టి శక్తికి మన ప్రాంతము క్రొత్త కాదు. కలిగిరి మండలములోని దూబగుంట మహిళలు 1992లో సారాపై పోరు సాగించిరి. దాని ఫలముగా 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. సారాకు పోవు డబ్బు మిగులగా, జిల్లా మహిళలు దినమునకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపు సంఘములను పెంచిరి. అదే రీతిని ప్రతి పంచాయతీయు, దాతల సాయముతోను పొదుపు సంఘముల సహకారముతోను గృహరక్షణ నిధిని ఏర్పరచుకొనవచ్చును. ఏటా భాద్రపదమున శిథిలమైన యిండ్లను చూచి, వితంతువులు, వృద్ధులు, వికలాంగులు నివసించు వాటిని ముందుగా బాగు చేయింపవచ్చును. గ్రహీతల జాబితా గ్రామసభలో చదువబడవలెను. జమాఖర్చులు పంచాయతీ పలకపై వ్రాయబడవలెను. దానస్థలమునకు మధ్యవర్తి రుసుము పుచ్చుకొనకుండుట, పత్రముల పరిశీలనలో ఊరికి సాయపడుట మావంటివారి కనీసధర్మము.

సభ్యులారా! మీ గ్రామమున ఎవరైన ఇంటి స్థలము దానము చేయుదుమని ముందుకు వచ్చినచో వారిని మనసార అభినందింపుడు. ఆ సాయంకాలమే వారితో కలిసి స్థలమును తొక్కి చూడుడు. మరునాడు రికార్డులు తెప్పింపుడు. దాత ఉత్సాహము చల్లారకముందే రిజిస్ట్రారు కార్యాలయమునకు పొండు. ఇట్లు చేయుట దాతను శంకించుట కాదు. అతని మంచితనము అతని తరువాత కూడ ఆ కుటుంబములకు నీడ నిచ్చునట్లు చేయుట.