తనిఖీయా, తోడ్పాటా?

ఉపాధ్యాయుని చదువు శిక్షణశాలను విడిచిననాటితో ముగియునని మనవారు చిరకాలముగా భావించుచున్నారు. వైద్యుడు క్రొత్త మందులను, కర్షకుడు క్రొత్త విత్తనములను ఎఱుగక తప్పదని అందఱు నంగీకరింతురు. బడిపంతులు మాత్రము ముప్పదియేండ్లు పాతపాఠమునే యొప్పగింపవచ్చునట! తాను నేర్చుకొనుట మానినవాడు ఇతరులకు నేర్పజాలడు. ఆ నేర్చుకొనుటకు తోడ్పడువారెవరు? కనిపెట్టి చూచువారెవరు? ఇదియే మేము నేడు విచారింపదలచిన విషయము.

1854 నాటి వుడ్ దొర లేఖ తనిఖీ యధికారులను, ఉపాధ్యాయ శిక్షణశాలలను రెంటిని గోరినది. పిదప మద్రాసు రాజధానిలో ఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి నడచెను. ఇన్‌స్పెక్టరు పిల్లలను పరీక్షించును. వారుత్తీర్ణులైన బడికి సొమ్ము వచ్చును. ఇట్టి యేర్పాటున వల్లెవేయించుటయే బోధన యగుటలో వింత యేమున్నది?

అధికారులందఱు నొక్కతీరువారు కారు. 1906-07 ప్రాంతమున ఉత్తరాంధ్ర పాఠశాలలను పర్యవేక్షించిన యేట్సు దొర, బడిలో నేర్పు తెలుగునకును ప్రజలు మాటలాడు తెలుగునకును ఇంత యంతరమేల యని ప్రశ్నించెను. గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను చేపట్టిరి. మువ్వురును బోధనానుభవము గలవారే. వ్యవహారభాషోద్యమ మందుండి బలము గొన్నది. ఆ వాదముల నటుంచుడు. హాజరుపట్టీని విడిచి పాఠమునుగూర్చి యడిగిన యొక్క ప్రశ్న ఎంత పని చేసినదో చూడుడు.

స్వాతంత్ర్యానంతరము సదాశయములకు కొఱత లేదు. 1964-66 నాటి కొఠారీ సంఘము ఇరుగుపొరుగు బడులను సముదాయములుగా గూర్పుమనెను. 1986 విద్యావిధానము వలన జిల్లా శిక్షణసంస్థలు వెలసినవి. 2020 విధానము ప్రతి యుపాధ్యాయుడును ఏటా కనీసము 50 గంటలు వృత్తివిద్యకు వినియోగింపవలెనన్నది. గంటలు విధించుట సులభము. తెరముందు కూర్చుండి వానిని నింపి పత్రము పుచ్చుకొనుటయు సులభమే. భిన్నములు బోధపడక బిక్కమొగము వేయు బాలునికి ఆ పత్రమువలన నేమి లాభము?

మా యభిప్రాయము స్పష్టము. తప్పు పట్టు చేయియు దారి చూపు చేయియు ఒక్కటి కారాదు. ఎవని కలము తన యుద్యోగమును తూచునో వానికడ ఉపాధ్యాయుడు తన చిక్కును విప్పిచెప్పడు. బడికి రానివారిని అధికారి నిలదీయవలసినదే. పాఠము విషయమున మాత్రము పొరుగుబడి యందలి అనుభవజ్ఞుడైన యుపాధ్యాయుడు వచ్చి, తరగతిలో వెనుక కూర్చుండి విని, ఏకాంతమున చర్చించి, నెలకు మరల వచ్చి మార్పును చూడవలెను. సముదాయ సమావేశములలో ఉత్తరువులు చదువుట తగ్గించి, ఒక్క పాఠమునైన నడిపి విమర్శించుకొనవలెను.

ప్రజలకును ఇందు బాధ్యత కలదు. 2009 విద్యాహక్కు చట్టము పాఠశాలా సంఘములలో కనీసము నాలుగింట మూడువంతులు, అనగా నూటికి 75 స్థానములు, తల్లిదండ్రులకు సంరక్షకులకు నిచ్చినది. పెద్దలు గోడలకు సున్నమునుగూర్చి యడుగుచున్నారు, మంచిదే. “పంతులుగారూ, ఈ నెల మీకు కష్టమైన పాఠమేది? తోడ్పడినవారెవరు?” అనియు నడుగుదురు గాక. ఆ ప్రశ్న గౌరవముతో నడిగిన గ్రామమున బడి బాగుపడును.